ఆకాశం నుంచి మద్దిచెట్టు

నల్లమద్ది, తెల్లమద్ది అని మన పెద్దలు రెండు చెట్లకు పేర్లు పెట్టినారు. మొదటిదాని బెరడు నల్లగా, మొసలి వీపువలె పగుళ్ళు తీసి ఉంటుంది. రెండవదాని బెరడు నునుపుగా, బూడిద కలిసిన తెలుపుతో మెరుస్తుంది. అచ్చంపేట నుంచి మన్ననూరు వైపు కొండ ఎక్కి నల్లమలలో అడుగు పెట్టినవారికి ఎవరైనా ఒక్కసారి చూపితే చాలు, ఆ తేడాను ఇక మరువరు. అదే అడవిపై నూరు మీటర్ల ఎత్తున ఒక డ్రోన్ ఎగురుతున్నదనుకొందాం. దానికి బెరడు కనిపించదు, చెట్టు తల మాత్రమే కనిపిస్తుంది. మన పూర్వులు చెట్టు క్రింద నిలిచి పెట్టిన పేరును, చెట్టుపైన నిలిచిన కన్ను ఎట్లా చదవగలదు?

ఇది కాలక్షేపానికి వేసుకొనే ప్రశ్న కాదు. భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి దేశంలోని అడవుల విస్తీర్ణాన్ని లెక్కగట్టి నివేదికలు ప్రకటిస్తున్నది. ఒక హెక్టారుకు తక్కువ కాని నేలలో పదింట ఒక వంతునైనా చెట్ల తలలు కప్పి ఉంటే, ఆ లెక్కలో అది అడవి క్రిందకు వస్తుంది. ఆ చెట్లు ఏ జాతివన్న విచారణ ఆ నిర్వచనంలో లేదు. ఇప్పచెట్లు పోయి నీలగిరి తోపు వచ్చినా అంకె తగ్గదు. ఇప్పపూవు ఏరుకొని, సారపప్పు కొట్టుకొని బ్రతికే చెంచు కుటుంబానికి మాత్రం ఆ రెండు పచ్చదనాలూ ఒకటి కావు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో ఏ చెట్టు ఎక్కడ ఉన్నదో కాలినడకన లెక్కించి తేల్చడం ఎన్ని తరాల పని!

ఆకాశం నుంచి చెట్టును పరీక్షించడం మన దేశానికి కొత్త విద్య కాదు. 1970 ప్రాంతంలో పి.ఆర్. పిషారటి నాయకత్వాన శాస్త్రజ్ఞులు కేరళలోని కొబ్బరితోటలపై హెలికాప్టరులో తిరిగి, పరారుణ కాంతిని పట్టే ఫిల్ముతో ఛాయాచిత్రాలు తీసి, వేరుతెగులు సోకిన చెట్లను గుర్తించినారు. ఆరోగ్యంగా ఉన్న ఆకు మన కంటికి కనబడని ఆ కాంతిని ఎక్కువగా వెనుకకు పంపుతుంది, రోగం తగిలిన ఆకు అంతగా పంపలేదు. తరువాత ఉపగ్రహాలు వచ్చినవి. అయితే అడవి లెక్కలకు చాలాకాలం ఆధారమైన ఉపగ్రహ చిత్రాలలో ఒక్కొక్క చుక్క నేలమీద 23.5 మీటర్ల చదరానికి సమానం. ఆ చదరంలో కొన్ని చెట్లు కలగాపులగమై ఇమిడిపోతవి. డ్రోన్ చిత్రంలోనో, ఒక చుక్క కొద్ది సెంటీమీటర్లే. కొమ్మ తీరు, ఆకు గుబురు, పూగుత్తి, అన్నీ విడివిడిగా తెలుస్తవి.

రైతు చాలు వెంట చాలు దున్నినట్లు డ్రోన్ వరుసలుగా తిరుగుతూ, ఒక చిత్రం అంచుపై మరొక చిత్రం పడేటట్లు ఫొటోలు తీస్తుంది. కంప్యూటరు వాటిని అతికి ఒకే పటం చేస్తుంది, ఒకే చెట్టును పలు కోణాల నుంచి చూచినందువల్ల దాని ఎత్తును కూడా తేలుస్తుంది. పిమ్మట ఒక్కొక్క చెట్టు తలను గీటు గీసి వేరు చేయవలెను. ఆ తలలకు పేరు చెప్పడం యంత్రానికి నేర్పవలెను. క్యోటోలో ఒక పరిశోధనావనంపై ఇట్లా చేసి, మామూలు రంగుల ఫొటోలతోనే ఏడు తరగతుల చెట్లను నూటికి తొంభైకి పైగా సరిగా గుర్తించినట్లు 2021లో ప్రకటించినారు. మెచ్చదగిన పనే. కాని నల్లమలలో ఏడు తరగతులతో సరిపోదు.

ఇక్కడ మనకు తోడ్పడేది ఋతువు. మాఘ ఫాల్గుణాలలో ఆకు రాల్చిన కొండలపై మోదుగ నిప్పుకణికలవలె పూస్తుంది. బూరుగ ఎర్రగానూ, కొండగోగు పచ్చని పసుపుగానూ కనిపిస్తవి. తపసిచెట్టు ఆకులన్నీ విడిచి, తెల్లని కొమ్మలతో ఎముకలగూడువలె నిలుస్తుంది. వసంతంలో ఇప్ప రాగిరంగు చిగురు వేస్తుంది. ఎండలు ముదిరినప్పుడు రేల బంగారు గుత్తులు వ్రేలాడదీస్తుంది. టేకు మాత్రం వానాకాలం దాకా తన గుట్టు విప్పదు. శ్రావణంలో దాని నడినెత్తిన తెల్లని పూగుత్తులు లేస్తవి. క్రింద నిలబడ్డవాడికి సరిగా కనబడని ఆ పూలు పైనున్న కంటికి తలపాగావలె కనిపిస్తవి. ఆ రోజులలో ఉపగ్రహానికి మబ్బు అడ్డు, డ్రోన్ మబ్బు క్రిందనే ఎగురుతుంది. పనామాలో బర్రో కొలరాడో ద్వీపాన 50 హెక్టార్ల అడవిపై మాటిమాటికి డ్రోన్ పంపి, ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాల్చిందో నమోదు చేసినది ఇందుకే. ఒక్కనాటి ఫొటో చెట్టు ముఖం మాత్రమే, ఏడాది ఫొటోలు దాని నడవడి.

రెండు మద్దుల చిక్కు మాత్రం ఋతువుతో కూడా పూర్తిగా తీరదు. రెండూ ఒకే కుటుంబానివి. తెల్లమద్ది వాగుల వెంట పెరుగుతుందన్న ఆనవాలు కొంత ఉపకరిస్తుంది. మిగిలినదానికి ఎవరో ఒకరు పటం చేతబట్టి, అడవిలోకి నడిచి, బెరడు తాకి చూచి పేరు వ్రాయవలసిందే. యంత్రం నేర్చేది అట్లా పేరు వ్రాసిన చెట్ల నుంచే. ఆ పేరు తప్పైతే, తప్పునే వేల చెట్లకు అంటగడుతుంది.

అప్పాపూర్ పెంటలోనో, ఫరహాబాద్ ప్రాంతంలోనో బెరడు వాసనతోనే చెట్టును పోల్చగల చెంచు పెద్దలు ఈ పనికి అసలైన గురువులని నా అభిప్రాయం. వారిని దారి చూపే కూలీలుగా పిలిచి, పటం మీద వారి మాటను మాత్రం మరొకరి పేరుతో ఎక్కించడం న్యాయం కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై వారికి హక్కు ఇచ్చింది. ఏ ఇప్ప ఎక్కడ ఉన్నదో చూపే పటం ఆ హక్కుకు సాక్ష్యం కాగలదు. అదే పటం దొంగచేతిలో పడితే కష్టం. బంక కోసం అతిగా గాట్లు పెట్టగా తపసిచెట్లు ఇప్పటికే ఎన్నో చోట్ల ఎండిపోయినవి. మిగిలినవాటి చోటును అంగుళం తేడా లేకుండా ప్రకటించడం వాటి మేలు కోరినవారు చేయదగిన పని కాదు.

పులుల అభయారణ్యంలో డ్రోన్ ఎగురవేయడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. గూళ్ళు కట్టే పక్షులకు ఆ రొద సరిపడదు. అచ్చంపేట పాఠశాలలకు మాత్రం డ్రోన్ లేకుండానే ఈ విద్యలో సగం అందుబాటులో ఉన్నది. బడి ఆవరణలోని పది చెట్లకు పేర్లు వ్రాసి, ఏ తేదీన ఆకు రాలింది, ఏ తేదీన చిగురు వచ్చింది, ఏ తేదీన పూసింది అని పిల్లలు ఒక పుస్తకంలో ఎక్కించవచ్చును. ఉమామహేశ్వరం కొండకు పోయినప్పుడు దారిపొడవునా అదే పని చేయవచ్చును. మూడు నాలుగేళ్ళు సాగిన అటువంటి పుస్తకం ఉంటే, పైనుంచి ఫొటో తీసేవారు ఏ వారంలో రావలెనో ముందుగా ఆ పిల్లలనే అడగవలసి వస్తుంది.