వ్యాపారం ఎప్పుడు మొదలుపెట్టాలి?

‘‘అయ్యగారూ, ఉద్యోగం మానేసి సొంతంగా వ్యాపారం పెడదామనుకుంటున్నాను. ఇది దేవుని సమయమో కాదో ప్రార్థన చేసి చెప్పండి’’ అని మమ్మల్ని అడిగే యువకులు సంఘాల్లో ఎప్పుడూ ఉంటారు. తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి పంపడం కాపరులకు తేలికే. కానీ చాలాసార్లు ఆ ఆలోచన వెనుక తల్లి మెడలోని బంగారం, తండ్రి పేరున ఉన్న నాలుగు సెంట్ల స్థలం ఉంటాయి. అందుకే ముందుగా ఒకటే అడుగుతాం: ‘‘బాబూ, ఆ పని నీకు వచ్చా?’’

కోల్గేట్ పేరు వినని ఇల్లు మన దగ్గర ఉండదు. దాని మూలపురుషుడు విలియం కోల్గేట్ 1783లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో పుట్టాడు. 1795లో తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. బాల్టిమోర్‌లో తండ్రి పెట్టిన సబ్బులు, కొవ్వొత్తుల వ్యాపారం ఎంతోకాలం నిలబడలేదు. 1804లో విలియం న్యూయార్క్ వెళ్లి, అదే వ్యాపారం చేసేవారి దగ్గర పనికి కుదిరాడు. రెండేళ్లు వారి దగ్గర పని నేర్చుకుని, 1806లో డచ్ స్ట్రీట్‌లో సొంత దుకాణం తెరిచాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. తర్వాత బాప్టిస్టు సంఘంలో డీకన్‌గా సేవచేశాడు, 1816లో అమెరికన్ బైబిల్ సొసైటీ స్థాపనలో పాలుపంచుకున్నాడు. వేదికల మీద అతని దశమభాగం గురించే తరచు వింటాం. పరాయివారి దగ్గర పనిచేసిన ఆ రెండేళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

యోసేపు సంగతీ అంతే. ఫరో ముందు నిలబడేనాటికి అతనికి 30 ఏళ్లు (ఆది 41:46). అంతకుముందు పోతీఫరు ఇంటినీ, చెరసాలనూ నడిపించాడు. ఐగుప్తు ధాన్యపు కొట్లు చేతికి రాకముందే ఇతరుల సొత్తుకు లెక్క చెప్పడం అలవాటైంది.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోడా అని యేసుప్రభువు అడిగారు (లూకా 14:28). ‘కూర్చుని’ అన్న మాట గమనించండి. లెక్క వేసుకోవడం అవిశ్వాసం కాదు. దుకాణం అడ్వాన్సు, సరుకు దాకా అందరూ లెక్కవేస్తారు. అరువు తీసుకున్నవారు తిరిగి ఇచ్చేదాకా అద్దె ఎలా కట్టాలి, ఇంట్లో బియ్యం ఎలా కొనాలి అన్న లెక్క దగ్గరే చాలామంది తడబడతారు. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకోనివారిని ఇంకొన్నాళ్లు ఉద్యోగం వదలవద్దనే అంటాం. పౌలు కొరింథులో డేరాలు కుడుతూనే సువార్త ప్రకటించాడు (అపొ.కా. 18:3,4). జీతం వస్తుండగానే, సాయంత్రాలూ సెలవురోజుల్లో చిన్నగా మొదలుపెట్టి చూడటంలో చిన్నతనమేమీ లేదు.

అలాగని గాలివాటం చూస్తూ కూర్చునేవాడు విత్తలేడని కూడా వాక్యం హెచ్చరిస్తోంది (ప్రసంగి 11:4). చెల్లి పెళ్లయ్యాక, ఇల్లు కట్టాక అనుకుంటూ నలభై దాటినవారిని ఎందరినో చూశాం. పని వచ్చి, లెక్క కుదిరి, ఇంటి బాధ్యతలు తక్కువగా ఉన్నప్పుడు 22 ఏళ్లయినా చిన్న వయసు కాదు. ఆ వయసులో చిన్న నష్టం వచ్చినా కోలుకోవచ్చు.

మా భయమల్లా హామీ సంతకాల గురించే. సామెతలు 22:26,27 ఎంత స్పష్టంగా ఉన్నా, ‘మన సంఘం పిల్లాడే కదా’ అని పెద్దలు సంతకాలు చేస్తుంటారు. బాకీ మిగిలితే రెండు కుటుంబాలూ ఒకే ఆరాధనకు రావడం మానేస్తాయి, ప్రభువు బల్ల దగ్గర ముఖాలు తిప్పుకుంటాయి. 2015లో మొదలైన ముద్రా పథకంలో 50 వేల రూపాయల లోపు ‘శిశు’ రుణానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదు. ముందు బ్యాంకుకు వెళ్లి అది అడగండి. అదీ చాలక సంఘంలో ఎవరినైనా అడగాల్సివస్తే, పోయినా వారింట్లో పొయ్యి ఆరనంత మాత్రమే అడగండి. ఎంత తీసుకున్నారో, ఎప్పుడిస్తారో కాగితం మీద రాసి ఇద్దరూ చెరొకటి ఉంచుకోండి.