మర్యం (అలైహస్సలాం) - క్రైస్తవుల మధ్య తెగని వాదం

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ జనంతో నిండిపోతుంది. మరియ మాత ఉత్సవాలకు వచ్చేవారిలో కొందరు తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. అయితే చుట్టుపక్కల లూథరన్, బాప్టిస్టు చర్చిలకు వెళ్ళే క్రైస్తవుల్లో అనేకులు ఆ కొండ ఎక్కరు. మన ఇళ్ళల్లో మాత్రం క్రైస్తవులంతా హజ్రత్ మర్యంను పూజిస్తారనే మాట తరచు వినిపిస్తుంది. చాలాకాలం మేమూ అలాగే అనుకున్నాం.

హజ్రత్ మర్యం (అలైహస్సలాం) మనకు పరాయివారు కారు. దివ్య ఖుర్ఆన్ పేరుతో ప్రస్తావించిన ఏకైక మహిళ ఆమె. 19వ సూరాకు ఆమె పేరే ఉంది. అబిసీనియా రాజు నజాషీ కొలువులో హజ్రత్ జాఫర్ (రజి) చదివి వినిపించింది ఆ సూరాలోని ఆయతులే. ఆమెను, ఆమె కుమారుణ్ణి దైవాలుగా చేసుకోవడాన్ని ఖుర్ఆన్ ఖండించింది. కనుక ఆమె గురించి పొరుగువారి విశ్వాసమేమిటో మనం సరిగా తెలుసుకునే మాట్లాడాలి.

వివాదం ఒక్క పిలుపు దగ్గర మొదలైంది. కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి నెస్టోరియస్, మరియను 'దేవుని తల్లి' అనడానికి అభ్యంతరం చెప్పి, 'క్రీస్తు తల్లి' అనడం మేలన్నాడు. అలెగ్జాండ్రియా పీఠాధిపతి సిరిల్ ఆయనపై విరుచుకుపడ్డాడు. 431లో, నేటి టర్కీలోని ఎఫెసస్‌లో జరిగిన మహాసభ నెస్టోరియస్‌ను పదవి నుండి తొలగించింది. నిజానికి వారు వాదులాడుకున్నది తల్లి గురించి కంటే కుమారుని గురించే. పర్షియా ప్రాంతపు ప్రాచ్య చర్చి ఆ తీర్పును ఒప్పుకోలేదు. ఆ చర్చి వారు నేటికీ కేరళలోని త్రిచూర్‌లో ఉన్నారు. చివరికి 1994 నవంబరులో ఆ చర్చి అధిపతి మార్ దిన్ఖా, పోప్ రెండవ జాన్‌పాల్ కలిసి రెండు పిలుపులూ సరైనవేనని సంతకాలు చేశారు. ఒక్క మాటకు 1563 ఏళ్ళు పట్టింది!

16వ శతాబ్దంలో వచ్చిన చీలిక వేరు. మార్టిన్ లూథర్ మరియను కించపరచలేదు. బైబిలులోని ఆమె స్తుతిగీతానికి 1521లో వ్యాఖ్యానం కూడా రాశాడు. ఆయన కాదన్నది ఆమెను పిలిచి సహాయం అడగడాన్ని. ప్రొటెస్టెంట్లు నేటికీ ఆ మాట మీదే ఉన్నారు. ఆర్.సి.యం. వారి జవాబు ఇదీ: ఆరాధన దేవునికే, మరియకు చేసేది గౌరవం, మా కోసం దేవుణ్ణి వేడుకోమని మాత్రమే ఆమెను అడుగుతాం.

ఈ జవాబు మనమెక్కడో విన్నట్టు లేదూ? దర్గాల విషయంలో ఒకే ఇంట్లో అన్నదమ్ములు కూర్చుని వాదించుకునేదీ ఇదే. ఒకరు వసీలా అంటారు, మరొకరు షిర్క్ అంటారు. పొరుగువారి తగవు విని నవ్వుకునే ముందు ఇది గుర్తుకు రావాలి.

1854లో పోప్ తొమ్మిదవ పయస్, మరియ జన్మపాపం అంటకుండానే తల్లి కడుపున పడిందని ప్రకటించాడు. 1950లో పన్నెండవ పయస్, ఆమె శరీరంతో సహా పరలోకానికి చేర్చబడిందన్నాడు. ఈ రెంటినీ నమ్మడం క్యాథలిక్కులకు విధి అయింది. ఇవి బైబిలులో లేవన్నది ప్రొటెస్టెంట్ల ఆక్షేపణ. మరియను ఎంతో ఘనంగా స్మరించే ఆర్థొడాక్స్ చర్చిలు సైతం 1854 నాటి ప్రకటనను అంగీకరించలేదు.

క్యాథలిక్కుల్లో కొందరు ఇంకా ముందుకు వెళ్ళారు. మరియకు 'సహ విమోచకురాలు' అనే బిరుదు ఇవ్వాలని దశాబ్దాలుగా పోప్‌లకు అర్జీలు పెట్టారు. 2025 నవంబరు 4న వాటికన్ సిద్ధాంత విభాగం, పోప్ పదునాలుగవ లియో ఆమోదంతో, ఆ బిరుదు వాడటం ఎప్పటికీ తగనిదేనని తేల్చింది. రక్షకుడు క్రీస్తు ఒక్కడేనన్న విశ్వాసం దానివల్ల మరుగున పడుతుందని కారణం చెప్పింది. అర్జీలు పెట్టినవారికి ఇది రుచించలేదు. అదే పత్రం ఆమెను విశ్వాసుల తల్లిగా గౌరవించడాన్ని గట్టిగా సమర్థించింది. కనుక గుణదలలో జపమాల ఆగదు, కొండ ఎక్కనివారి అభ్యంతరమూ తీరదు.