వంశమా? వంటిల్లా?

"మా తాతకు షుగరు, మా నాన్నకు షుగరు. మా వంశంలోనే ఉందండీ అయ్యగారూ, ఇక తప్పించుకొనేది ఎలాగ?"

ఏలూరు పేటలలో గాని, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెలలో గాని, కొల్లేటి లంకలలో గాని గృహదర్శనాలకు వెళ్లినప్పుడు మేము తరచుగా వినే మాట ఇది. ఇంకొక మాట కూడ వింటుంటాము. ఎవరైనా మంచాన పడితే చాలు, "ఏం తిన్నాడో, ఎలా తిరిగాడో, ఊరకే వస్తుందా?" అంటారు ఇరుగుపొరుగు.

మొదటి మాట నమ్మినవాడు మాత్రలు మానేస్తాడు. రెండవ మాట విన్నవాడు జబ్బును దాచుకుంటాడు. రెండింటివల్లా ప్రాణాలు పోతున్నాయి. కనుక ప్రియ పాఠకులారా, మన ఆరోగ్యంలో పుట్టుకతో వచ్చినది ఎంత, మన నడవడితో వచ్చినది ఎంత అనే సంగతి కొంచెం నిదానంగా ఆలోచిద్దాము.

విత్తనము, నేల

మన రైతు సోదరులకు ఇది తేలికగా అర్థమవుతుంది. మన మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి విత్తనం దేశంలో ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. విత్తనం ఒక్కటే. కాని కాలువ కింది మాగాణిలో వేస్తే ఒక పంట, నీరందని మెరకలో వేస్తే మరొక పంట. తల్లినుండి సగము, తండ్రినుండి సగము మనకు వచ్చే జన్యువులు విత్తనంవంటివి. మనం తినే తిండి, చేసే పని, త్రాగే నీరు, పీల్చే గాలి నేలవంటివి. పంట ఏ ఒక్కదానిదీ కాదు.

ఒక ఇంట్లో నలుగురికి ఒకే జబ్బు వస్తే అది రక్తంలో ఉన్నదని వెంటనే తీర్మానిస్తాము. అయితే ఒక ఇంటివారికి రక్తమే కాదు, వంటిల్లు కూడ ఒక్కటే. కుండలో నీళ్లు ఒక్కటే, జాడీలో పచ్చడి ఒక్కటే, సాయంత్రం కూర్చొనే అరుగు ఒక్కటే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కుటుంబాన్ని చూడండి. స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఆయన సోదరులు ఇద్దరు చనిపోయారు. ఆయనను కూడ ఆ వ్యాధి పీడించింది. ఒకే ఇంట ముగ్గురు! ఆనాటివారు వంశదోషం అనుకొని ఉంటే ఆశ్చర్యం లేదు. కాని ఆ వ్యాధిలో పేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేవు. అలా అందకుండాపోయే వాటిలో ఫోలిక్ ఆమ్లం ముఖ్యమైనది. సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా, 1945లో ఆయన బృందమే ఆ ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయగలిగింది. ఈనాడు గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్నది అదే. తోబుట్టువులను పోగొట్టుకొన్నవాడు నుదుటిరాత అని కూర్చోక కారణం వెదికాడు.

మన గోదావరి గ్రామాలు చెప్పినది

తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1 లక్షా 80 వేలమంది జనాభాలో, 2003-04లో ఒక సంవత్సరంపాటు జరిగిన మరణాలకు కారణాలను పరిశోధకులు ఇంటింటా అడిగి తెలుసుకున్నారు. నూటికి 32 మరణాలు గుండెపోటు, పక్షవాతంవంటి గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే. అంటువ్యాధులవల్ల పోయినవారు నూటికి 12 మంది మాత్రమే. ఈ ప్రాంతపు 20 గ్రామాలలో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించగా నూటికి 13 మందికి షుగరు ఉన్నది. వారిలో సగంమందికి ఆ సంగతే తెలియదు. ఇవి 2006లో ప్రచురించిన లెక్కలు.

షుగరు పట్నపు ధనవంతుల జబ్బు అనుకొనేవారము. పల్లెకు ఎలా వచ్చింది? ఒకటి రెండు తరాలలో మనుష్యుల జన్యువులు మారవు. మారినది బ్రతుకు. దోనె తోసి, వల లాగి, గట్లమీద మైళ్లకొలది నడిచిన తాతకు మనుమడు మోటారుసైకిలుమీద చెరువు గట్టుకు వెళ్లి వస్తున్నాడు. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చింది. దంపుడు బియ్యం పోయి తెల్లని మిల్లు బియ్యం వచ్చింది. పని తగ్గింది గాని పళ్లెంలో అన్నం తగ్గలేదు.

అమెరికాలోని ఆరిజోనాలో పీమా అనే ఆదివాసులున్నారు. వారి రక్తసంబంధులే మెక్సికో కొండలలో వ్యవసాయం చేసుకొని బ్రతుకుతున్నారు. 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆరిజోనావారిలో నూటికి 38 మందికి షుగరు ఉండగా, మెక్సికోవారిలో 7 మందికే ఉన్నది. వంశం ఒక్కటే, బ్రతుకుతీరు వేరు.

వంశంలో ఉన్నవారికి ఆశ లేదా?

ఉన్నది. 55 వేలకు పైగా మనుష్యుల వివరాలతో 2016లో ఒక పరిశోధన వెలువడింది. పుట్టుకతోనే గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో కూడ పొగ త్రాగకుండా, బరువు పెరగకుండా, శరీరశ్రమ చేస్తూ, మంచి తిండి తినేవారికి, అలా చేయనివారికంటే గుండెపోటువంటివి 46 శాతం తక్కువగా వచ్చాయి.

అయితే రెండవ వైపు కూడ చెప్పాలి. షుగరు అంచున ఉన్న మనదేశపువారిని చెన్నై వైద్యులు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఏ మార్పూ చేయనివారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. నడక, ఆహారనియమం పాటించినవారిలో 39 మందికి వచ్చింది. నూటికి 16 మంది తప్పించుకున్నారు, దేవునికి స్తోత్రము. కాని ఆ 39 మంది సంగతి? వారూ నడిచారు, వారూ నోరు కట్టుకున్నారు. అయినా వచ్చింది. కనుక జబ్బుపడిన ప్రతివాని వైపు వేలు చూపే హక్కు మనకు లేదు.

అలవాట్లతో ఏ సంబంధమూ లేని జబ్బులూ ఉన్నాయి. సికిల్‌సెల్ వ్యాధి అటువంటిది. ఇది ఏజెన్సీ గిరిజన కుటుంబాలలో ఎక్కువ. తల్లిదండ్రులు ఇద్దరూ ఆ జన్యువును మోస్తుంటే, వారు చూపుకు ఆరోగ్యంగానే ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తలసీమియా కూడ ఇంతే. మేనరికాలలో ఒకే జన్యువు ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. పెండ్లికి ముందు చిన్న రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది. సికిల్‌సెల్ నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. నిశ్చితార్థానికి ముందు కట్నం మాట అడిగే నోటితో ఈ పరీక్ష మాట అడిగితే ఎంత మేలు! అటువంటి బిడ్డ పుట్టినప్పుడు మాత్రం కోడలిని నిందించకండి. ఆ జన్యువు రెండు వైపులనుండీ వచ్చినదే.

వంశమూ కాదు, అలవాటూ కాదు అన్నది ఏలూరువారికి వేరే చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరు 5 మొదలు కొద్ది రోజులలోనే 600 మందికి పైగా మూర్ఛ వచ్చి పడిపోయి ఆసుపత్రిలో చేరారు. ఒకరు మరణించారు. రోగుల రక్తంలో సీసము, నికెలు ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షలలో కనబడింది. వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. వారు ఏ దురలవాటు చేశారు? ఊరి నీరు, పొలాలకు కొట్టే మందులు ఒక్కరు మార్చుకోగలిగినవి కావు. ఊరంతా కలిసి అడగవలసినవి.

పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇతడు పాపం చేశాడా, ఇతని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉన్నది. ఇద్దరూ కాదని ప్రభువు చెప్పి, ఆ మనుష్యునికి చేయవలసిన మేలు చేశాడు. మనమూ నింద విడిచి చేయవలసినది చూద్దాము.

మన ఇండ్లలో ఏమి చేయగలము?

వంశంలో షుగరు, బీపీ, గుండెజబ్బు ఉంటే అది శిక్ష కాదు, ముందుగా అందిన హెచ్చరిక. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో బీపీ, షుగరు పరీక్షలు చేస్తారు. తల్లికో తండ్రికో ఉన్నవారు అంతకంటె ముందే చేయించుకోవాలి. వైద్యుడు చెప్పకుండా మాత్రలు ఆపరాదు. ప్రార్థన చేయించుకొన్నాము కదా అని మాత్రలు మానడం విశ్వాసం కాదు.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములకు మించకూడదు. అంటే చిన్న చెంచాడు. ఆవకాయ, ఎండుచేప, అప్పడం మూడూ ఒకే పూట పళ్లెంలో ఉంటే ఆ చెంచా ఎప్పుడో నిండిపోయింది. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, ఆకుకూర ఒక గరిటె పెంచండి. చుట్ట, బీడీ, గుట్కా, సారా ఇంటి గుమ్మం దాటి రానీయకండి. రోజూ అరగంట నడవండి. షుగరు ఉన్న ఒక్కరికే చప్పిడి వండి మిగిలినవారు వేరుగా తింటే ఆ నియమం నెల కూడ నిలవదు. ఇల్లంతా మారాలి. అందరూ తినగా మిగిలినది తినే ఇల్లాలి పళ్లెం కూడ చూడండి, ముఖ్యంగా ఆమె గర్భిణి అయితే.

సంఘపెద్దలకు ఒక మనవి. ప్రేమవిందులో బిర్యానీ, మిఠాయి ప్రక్కన ఒక కూరగాయల వంటకం పెట్టండి. సంఘంలో నర్సు ఉంటే నెలకొక ఆదివారం ఆరాధన తరువాత బీపీ చూడమనండి.

చివరిగా, మన కుటుంబ బైబిలులో పుట్టినరోజులు, పెండ్లిండ్లు, మరణాలు వ్రాసుకొనే పేజీ ఉంటుంది. ఈసారి అందరూ ఇంటికి వచ్చినప్పుడు పెద్దవారిని అడిగి, తాతమ్మలు, తాతలు ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో ఆ పేజీలో వ్రాయండి. సిగ్గుపడకండి. రేపు మీ మనుమరాలిని పరీక్షించే డాక్టరు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే.