హీవల్ గుట్ట మీద ఒక్కడినే

రాత్రి ఎనిమిదింటికి గుట్ట ఎక్కడానికి బయల్దేరానంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. కానీ జూన్ మూడో వారంలో స్కాట్లాండ్ పడమటి దీవుల్లో పొద్దు గూకేది పదిన్నరకు. ఆ తర్వాత కూడా పూర్తిగా చీకటి పడదు. ఆ ధీమాతోనే బయల్దేరాను. ఆ ధీమా ఎంతవరకు పనికొచ్చిందో చెబుతాను.

నేనుండేది గ్లాస్గోలో. కేర్ హోమ్‌లో ఉద్యోగం, ఎక్కువగా నైట్ షిఫ్టులే. మా దగ్గరున్న ఒక పెద్దావిడ బార్రా అనే దీవిలో పుట్టారు. పేరు రాయకూడదు, రాయను. మతిమరుపు జబ్బు ముదిరాక ఆవిడకు ఇంగ్లీషు జారిపోతోంది, చిన్ననాటి గేలిక్ భాష మాత్రం మిగిలింది. రాత్రిళ్లు మెలకువ వస్తే కిటికీ వైపు చూపించి ఏదో పేరు పలుకుతారు. అది వాళ్లింటి వెనకాల గుట్ట పేరని ఆవిడ కూతురు చెబితే తెలిసింది. హీవల్. అన్నీ మరిచిపోయినా పుట్టిన ఊరి గుట్ట మాత్రం గుర్తుందంటే నాకు మా భువనగిరి గుట్ట కళ్లముందుకొచ్చింది. నాలుగు రోజులు సెలవు దొరగ్గానే టికెట్ కొన్నాను.

గ్లాస్గో నుంచి ఓబన్ దాకా రైలు, మూడు గంటల పైమాటే. అక్కణ్నుంచి పెద్ద పడవలో దాదాపు ఐదు గంటలు. విమానం కూడా ఉంది. బార్రాలో విమానాశ్రయం ఉంది గానీ రన్‌వే కట్టలేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలే ఇసుక మీదే చిన్న విమానం దిగుతుంది. పోటు వచ్చిందంటే రన్‌వే నీళ్ల కిందే! అది చూడాలని ఉన్నా నా జేబు పడవకే ఒప్పుకుంది.

పడవ ఆగే ఊరు క్యాజిల్‌బే. పేరుకు తగ్గట్టే రేవు మధ్యలో, నీళ్లలో నిలబడి ఉంటుంది మాక్‌నీల్ వంశం వాళ్ల కిసిముల్ కోట. దీవి జనాభా సుమారు 1,200. మన దగ్గర ఓ చిన్న పల్లె అంత. ఊరి వెనకాలే హీవల్. ఎత్తు 383 మీటర్లు. కింద నుంచి చూస్తే 'ఇంతేనా' అనిపించింది.

సాయంత్రం ఆరింటికి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర. ఏం చేస్తున్నవని మా ఆవిడ అడిగితే "తిని పడుకుంటున్న" అన్నాను. ఇలాంటి అబద్ధాలు మనందరికీ అలవాటే. జ్వరమొచ్చినా బాగున్నామంటాం, డ్యూటీ పోయినా సెలవంటాం. అక్కడివాళ్లు దిగులు పడకూడదని. నేను దిగిన ఇంటావిడకూ చెప్పలేదు. పక్కనే ఉన్న గుట్టకు చెప్పేదేముంది అనుకున్నాను.

ముందు తారు రోడ్డు ఎక్కాలి. రోడ్డు బాగా పైకి చేరిన చోట ఎడమకు తిరిగి గడ్డిలో పడ్డాను. మెట్లు లేవు, బాణం గుర్తులు లేవు. గొర్రెలు నడిచిన జాడలే దారి. పైకి పచ్చగా కనిపించే చోట కాలు పెడితే చీలమండ దాకా నల్లటి బురద. తిరుమల మెట్లెక్కేటప్పుడు ముందూ వెనకా గోవింద నామాలు, కాళ్లు పట్టేస్తే పక్కవాళ్ల ఓదార్పులు. ఇక్కడ నా ఊపిరి నాకే వినపడుతోంది.

కొంత పైకి వెళ్లాక తెల్లటి పాలరాతి విగ్రహం. బిడ్డనెత్తుకున్న మేరీమాత. 1954లో నిలబెట్టారు. ఈ దీవిలో ఎక్కువమంది కాథలిక్కులు. వేటకెళ్లే పడవలను చూస్తున్నట్టు సముద్రం వైపు తిరిగి ఉంటుందామె. అక్కడ రెండు నిమిషాలు కూర్చున్నాను. అసలు నిటారు అక్కణ్నుంచే మొదలు.

తొమ్మిదీ ఇరవైకి శిఖరం మీదున్నాను. ఎండ ఇంకా ముఖాన కొడుతోంది. పడమర అంతా అట్లాంటిక్. ఉత్తరాన ఎరిస్కే, సౌత్ యూయిస్ట్. దక్షిణాన వరసగా చిన్న దీవులు. అందులో దగ్గరిది వాటర్సే. 1991లో రాళ్లతో కట్ట వేసి బార్రాకు కలిపారు. 1853 సెప్టెంబరులో యానీ జేన్ అనే ఓడ ఆ వాటర్సే ఒడ్డునే పగిలిపోయింది. లివర్‌పూల్ నుంచి కెనడాకు బతకబోతున్న వాళ్లున్నారందులో. సుమారు 350 మంది పోయారు. అంతకు రెండేళ్ల ముందే, 1851లో, భూస్వామి గోర్డన్ ఈ బార్రా రైతులను కెనడా ఓడలెక్కించాడు. వెళ్లనన్నవాళ్లను కూడా ఈడ్చుకెళ్లారని చెబుతారు. ఇంకా దూరాన కనిపించే మింగ్యులే దీవిలో 1912 తర్వాత కాపురాలే లేవు. ఇంత అందమైన చోటు నుంచి ఎందుకు పోయారని అడిగేవాళ్లుంటారు. మనకు ఆ ప్రశ్న అవసరం లేదు.

ఫొటోలు తీస్తూ ఇరవై నిమిషాలు గడిపాను. వెనక్కి తిరిగేసరికి పడమటి సముద్రం కనిపించలేదు. అట్లాంటిక్ మీది తడి గాలికి మొదట అడ్డం తగిలేది ఈ గుట్టలే. ఆ గాలి పైకి లేచి చల్లబడితే మబ్బవుతుంది. పుస్తకంలో చదివిందే. కానీ ఐదు నిమిషాల్లో చాచిన చెయ్యి మసకబారుతుందని పుస్తకంలో లేదు. వెలుతురు ఉంది. చూపే లేదు. వచ్చిన దారనుకుని దిగాను. కాసేపటికి కాళ్ల కింద గడ్డి ఆగి తడిరాయి తగిలింది. ఎక్కేటప్పుడు ఆ రాయి లేదు. చిన్న గులకరాయి జారితే కింద ఎక్కడో తగిలిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

అక్కడే కూర్చుండిపోయాను. ఫోన్‌లో సిగ్నల్ గీత వస్తోంది, పోతోంది. అప్పుడు లెక్క వేసుకున్నాను. ఇంట్లోవాళ్ల దృష్టిలో నేను నిద్రపోతున్నాను. ఇంటావిడ దృష్టిలో గదిలో ఉన్నాను. డ్యూటీకి ఇంకా మూడు రోజులు. కాలు విరిగితే నన్ను వెతకాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చలికన్నా ఆ లెక్కకే ఎక్కువ వణికాను.

కదలకపోవడమే ఆ రాత్రి నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. అరగంటకు మబ్బు చిరిగి కింద రేవు, నీళ్లలో కోట కనిపించాయి. బాగా ఎడమకు పోయాను. మళ్లీ కొంత పైకెక్కి, కోటను కళ్లముందు పెట్టుకుని, కూర్చుని జారుతూ దిగాను. రోడ్డు మీదికొచ్చేసరికి పదకొండుంపావు.

ఇంటావిడ తలుపు దగ్గరే ఉన్నారు. నా బురద ప్యాంటు చూసి ఏమీ అడగలేదు. టీ పెట్టి, రేపటి నుంచి ఎటు పోతున్నదీ, ఎన్నింటికి వచ్చేదీ బల్ల మీద చీటీ రాసి పెట్టమన్నారు. అంతే.

వెళ్లాలనుకునేవాళ్లు తప్పక వెళ్లండి. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండ్ కొండల మీద బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది, మనకూ ఉంది. చీటీ మాత్రం మరవొద్దు. ఆపదొస్తే 999 కొట్టి ముందు పోలీసులను అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ముందే రిజిస్టర్ చేసుకుంటే ఆ నంబరుకు ఎస్సెమ్మెస్ కూడా పంపొచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఎక్కువ ఉపయోగపడేది అదే. ఒక ఈల జేబులో వేసుకోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదితే సాయం కావాలని అర్థం.

మర్నాడు ఇంటికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చెప్పి పోతే ఏమైతుండె? నేనీడ ఉండి ఏం జేస్తననా చెప్పలే?" అంది. జవాబు దొరకలేదు.

డ్యూటీకి వెళ్లిన మొదటి రాత్రి పెద్దావిడకు ఫోన్‌లో ఫొటో చూపించాను. "హీవల్" అన్నాను. ఆవిడ తెరను వేలితో తడిమి, తల అడ్డంగా ఊపి, ఆ పేరును వాళ్ల భాషలో పలికారు. నేను మళ్లీ అన్నాను. కాదన్నారు. మూడోసారికి కొంచెం దగ్గరికి వచ్చినట్టున్నాను. నవ్వారు.