మడ్డి దిగాకే ప్రయాణం

సోమల నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా చెరువుల సీమ. గట్టి వాన పడిందంటే వాటిలో నీళ్లు ఎర్రమట్టి కలిసి టీ రంగుకు తిరుగుతాయి. కుళాయిలు లేని కాలంలో ఇలాంటి నీటిని తేర్చడానికి తెలుగు పల్లెల్లో చిల్లగింజ వాడేవారు. గింజను తడిపి కడవ లోపలి వైపు గరగరా రుద్ది, నీళ్లు పోసి కదపకుండా ఉంచితే మట్టి మెల్లగా అడుగుకు దిగేది. పైన తేట మిగిలేది. కుప్పం దాటి తమిళనాడులో అడుగుపెడితే అదే గింజ పేరు తేట్రాన్ కొట్టై. ఆ పేరులోనూ తేట ఉంది!

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు పడే పాటు కూడా ఈ తేట కోసమే. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల దాకా ఫెడరల్ పన్ను లేకుండా కాచుకునే వీలు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా కాస్తే నేరం.

పులిసిన బీరులో ఈస్టు కణాలు కోట్లలో తేలుతుంటాయి. బార్లీలోని ప్రోటీన్లూ హాప్స్ పూల వగరూ చల్లబడేసరికి ఒకదానికొకటి అంటుకుని బీరుకు మబ్బు పట్టిస్తాయి. కల్లుకు ఈ చిక్కు లేదు. దాన్ని తెల్లగానే, ఏ రోజుది ఆ రోజే తాగుతారు. తేరేదాకా ఆగితే పులుపెక్కిపోతుంది. వారాల తరబడి నిలవుండే బీరుకే ఆ తీరిక ఉంది.

మొదటి మందు చలి. పులియడం పూర్తయ్యాక ఫ్రిజ్‌లో సున్నా డిగ్రీలకు కాస్త పైన రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు మడ్డి దిగుతుంది. ఇంకా మసక ఉంటే జెలటిన్. 19 లీటర్లకు అర చెంచా నుంచి చెంచా దాకా, వేడి నీళ్లలో మరగనివ్వకుండా కరిగించి పోస్తారు. జెలటిన్‌ది ధనావేశం, ఈస్టుది రుణావేశం. రెండూ అతుక్కుని గుత్తులై, బరువెక్కి కిందికి జారతాయి. బ్రిటన్‌లో ఈ పనికి చేపల గాలితిత్తుల నుంచి తీసిన పదార్థం వాడుతూ వచ్చారు. దాన్ని మానేస్తామని గిన్నిస్ కంపెనీ 2015లో ప్రకటించింది. శాకాహారులకు అది చిన్న కబురు కాదు.

అసలు ఓపిక బీరును కెగ్‌లోకి, అంటే పీపాలోకి, వంపేటప్పుడు కావాలి. గొట్టం మూతిని మడ్డికి రెండు వేళ్ల పైనే ఆపాలి. చివరి గ్లాసు బీరు కోసం ఆశపడి దాన్ని కిందికి దించితే గోధుమరంగు బురద సర్రున లేస్తుంది. కెగ్‌లో ముందే కార్బన్ డయాక్సైడ్ నింపడం తప్పనిసరి. గాలి తగిలిన బీరు కొన్నాళ్లకు తడిసిన అట్టపెట్టె రుచికి వస్తుంది.

కారులో వేరే ఊరికి తీసుకెళ్లాలంటే జాగ్రత్త ఇంకా పెరగాలి. కెగ్ లోపలి గొట్టం అడుగు నుంచే బీరును లాగుతుంది. హార్స్‌లీ హిల్స్ లాంటి మలుపుల దారిలో కుదుపులకు మిగిలిన మడ్డి అంతా లేస్తే, విందులో మొదటి గ్లాసుల్లోకి వచ్చేది అదే. అందుకే అనుభవజ్ఞులు బయల్దేరే ముందే తేటను గ్యాస్ ఒత్తిడితో ఇంకో శుభ్రమైన కెగ్‌లోకి నెట్టి, మడ్డి ఉన్న పాత కెగ్‌ను ఇంట్లోనే వదిలేస్తారు.