కొంగ తెలుపు, బర్రె నలుపు: దూరవిద్యలో ఫోటోగ్రఫీ

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఉంటూ, పగలంతా ఉద్యోగమో దుకాణమో చూసుకుంటూ, ఫోటోగ్రఫీని ఒక పద్ధతి ప్రకారం నేర్చుకోవాలనుకునేవారికి ఉన్న దారులు చాలా తక్కువ. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ ప్రధానాంశంగా నాలుగేళ్ల డిగ్రీ ఉన్నా, రోజూ 30 కిలోమీటర్లకు పైగా వెళ్లి వస్తూ నాలుగేళ్లపాటు పగటి తరగతులకు హాజరు కావడం సంపాదన మీద ఆధారపడిన మనిషికి సాధ్యపడే పని కాదు. రెండో దారి ఊళ్లోని ఫోటో స్టూడియోలో పనికి కుదిరి, కొన్నేళ్లు లైట్లు పట్టుకుని, ఆల్బమ్‌లు మోసి, మెల్లగా కెమెరా చేతికి తెచ్చుకోవడం. ఈ రెండింటికీ మధ్య నిలిచిన మూడో దారి దూరవిద్య. పాఠం ఇంటికే వస్తుంది, అభ్యాసం విద్యార్థి ఉన్న చోటే జరుగుతుంది, తీసిన చిత్రాలు మాత్రం ఎక్కడో ఉన్న ఉపాధ్యాయుడి దగ్గరికి వెళ్లి దిద్దుబాటుతో తిరిగి వస్తాయి.

దూరవిద్య తెలుగువారికి కొత్తదేమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో ఇక్కడే ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి తరువాత 1985లో ఢిల్లీలో స్థాపితమైన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. ముద్రిత పాఠాలు, అధ్యయన కేంద్రాలు, సెలవు రోజుల్లో తరగతులు అనే ఏర్పాటు వల్ల చదువు మధ్యలో ఆగిపోయిన ఎందరో గృహిణులు, చిరుద్యోగులు మళ్లీ పుస్తకం పట్టారు. అయితే చరిత్ర, తెలుగు, వాణిజ్యశాస్త్రం వంటి సబ్జెక్టులకు సరిపోయిన ఈ ఏర్పాటు చేతిపనితో కూడిన కళలకు అంత సులువుగా సరిపోదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరవిద్యలో బోధించరాదని చెప్పిన కోర్సుల జాబితాలో వైద్యం, ఇంజినీరింగ్‌ల వంటివాటితో పాటు దృశ్యకళలు కూడా ఉండటానికి కారణం ఇదే. అందువల్ల దూరవిద్యలో ఫోటోగ్రఫీ డిగ్రీ ఇస్తామనే ప్రకటన కనబడినప్పుడు, డబ్బు కట్టే ముందే ఆ సంస్థకు ఉన్న గుర్తింపును నిధుల సంఘం దూరవిద్యా విభాగం జాబితాలో సరిచూసుకోవడం అవసరం. ఇంటి నుంచి చదవగలిగే ఫోటోగ్రఫీ చదువులో ఎక్కువ భాగం ధ్రువపత్రం ఇచ్చే చిన్న కోర్సులే. వాటి విలువ నేర్పే తీరులోనే గాని కాగితంలో లేదు.

విదేశాల్లో ఈ మార్గం పాతదే. 1910లో స్థాపితమైన న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫోటోగ్రఫీ తరువాతి కాలంలో తపాలా పాఠాలకే పేరుపొందింది. బ్రిటన్‌లో మైకేల్ యంగ్ 1987లో నెలకొల్పిన ఓపెన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్ చిత్రలేఖనంతో పాటు ఫోటోగ్రఫీని కూడా దూరవిద్య ద్వారానే నేర్పుతూ వచ్చింది. నేడు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పాఠాలు, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం రూపొందించిన పాఠాలు కోర్సెరా వేదిక మీద ఫోనులోనే చూడవచ్చు. అయితే పాఠం దొరకడం ఒకటి, దిద్దుబాటు దొరకడం మరొకటి. ఈ రెంటి మధ్య తేడా ఎంతటిదో శామీర్‌పేట చెరువు గట్టు మీద నిలబడితే తేటపడుతుంది.

ఏ కోర్సులోనైనా తొలి పాఠం ఎక్స్‌పోజర్, అంటే చిత్రం ఏర్పడటానికి కెమెరాలోకి వెళ్లే వెలుతురు మోతాదు. దాన్ని అదుపు చేసేవి మూడు: లెన్స్‌లోని కన్ను ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే ఎపర్చర్, ఆ కన్ను వెనుక తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించే షట్టర్ వేగం, వెలుతురుకు సెన్సర్ ఎంత చురుకుగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ. వెలుతురు రెట్టింపైనా, సగమైనా ఆ తేడాను ఒక స్టాప్ అంటారు. నడి ఎండలో ఎపర్చర్‌ను ఎఫ్/16 దగ్గర ఉంచి, ఐఎస్ఓ 100 అయితే షట్టర్‌ను సెకనులో 100వ వంతుకు దగ్గరగా పెడితే చాలునన్న పాత లెక్క ఈనాటికీ పనిచేస్తుంది. ఇంతవరకు పుస్తకంలో చదివి నేర్చుకోవచ్చు.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరుకు ఎదుట ఉన్నది ఏమిటో తెలియదు. దృశ్యమంతా కలిపి తనపై పడిన వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిరిగి పంపే నడిమి బూడిద రంగుగానే ఉంటుందని అది అనుకుంటుంది. చెరువు నీళ్లలో దిగిన బర్రె ఫ్రేము నిండా ఉంటే, ఆ నలుపును బూడిదగా మార్చడానికి మీటరు వెలుతురు పెంచుతుంది, బర్రె వెలిసిపోయినట్టు వస్తుంది. కొంగ ఫ్రేము నిండా ఉంటే, ఆ తెలుపును బూడిదగా మార్చడానికి వెలుతురు తగ్గిస్తుంది, కొంగ మాసిన గుడ్డలా వస్తుంది. కాబట్టి నల్లని వస్తువుకు వెలుతురు ఒక స్టాప్ తగ్గించాలి, తెల్లని వస్తువుకు ఒక స్టాప్ పెంచాలి అని పాఠం చెబుతుంది, విద్యార్థి అలాగే రాసుకుంటాడు.

మరుసటి ఉదయం అదే విద్యార్థి గట్టు మీది నుంచి దూరంగా, నీడలో నల్లబడిన నీటి మధ్య ఎండ పడుతున్న ఒంటి కొంగను చూస్తాడు. కొంగ తెల్లనిది గనుక పాఠం ప్రకారం ఒక స్టాప్ పెంచి తీస్తాడు. చిత్రంలో కొంగ ఉన్న చోట ఈకలు, మెడ వంపు ఏవీ లేకుండా తెల్లని మచ్చ ఒక్కటే మిగులుతుంది. కారణం ఏమిటంటే, ఈసారి ఫ్రేములో పది వంతుల్లో తొమ్మిది వంతులు నల్లని నీరే. మీటరు ఆ నీటిని చూసి ముందే వెలుతురు పెంచేసింది, విద్యార్థి దాని మీద మరింత పెంచాడు. చేయవలసింది సరిగ్గా దానికి ఎదురు: ఒకటో ఒకటిన్నరో స్టాప్ తగ్గించడం. పక్షి ఒకటే, చెరువు ఒకటే, కాని దగ్గరగా చూసినప్పుడు ఒక సవరణ, దూరంగా చూసినప్పుడు మరో సవరణ. పాఠంలోని సూత్రం తప్పు కాదు. అది కొంగను గురించి కాక, ఫ్రేమును గురించి చెప్పిన సూత్రమని అర్థం చేసుకోకపోవడంలోనే పొరపాటు జరిగింది.

ఇటువంటి పొరపాటును తనంతట తాను కనిపెట్టడం తొలి నెలల్లో కష్టం, చెప్పేవాడు ఒకడు ఉండాలి. పూర్వం తపాలా కోర్సుల్లో విద్యార్థి ప్రింటు వెనుక పెన్సిలుతో ఎపర్చర్, షట్టర్, సమయం రాసి పంపేవాడు. డిజిటల్ కెమెరా ఆ పనిని తానే చేస్తుంది: ప్రతి చిత్రపు ఫైలులో షట్టర్ వేగం, ఎపర్చర్, ఐఎస్ఓ, చేసిన సవరణ, తీసిన తేదీ, సమయం నమోదై ఉంటాయి, దీన్ని ఎక్సిఫ్ సమాచారం అంటారు. ఎక్కడో బెంగళూరులో కూర్చున్న ఉపాధ్యాయుడు ఆ వివరాలు చదివి, ఉదయం ఏడు గంటలకు, ఒక స్టాప్ పెంచి తీశావు కాబట్టే ఈకలు పోయాయని వేలు పెట్టి చూపించగలడు. దూరవిద్యలో ఫోటోగ్రఫీ సాధ్యమవుతున్నదంటే దానికి ఆధారం ఈ చిన్న నమోదే. అందుచేత కోర్సు ఎంచుకునేవారు ఎన్ని గంటల వీడియోలున్నాయని కాక, ఎన్ని అభ్యాసాలు వెనక్కి వస్తాయి, వాటిని దిద్దేది మనిషేనా, ఎన్ని రోజుల్లో దిద్దుతారు అని అడగడం మేలు. దిద్దుబాటు లేని కోర్సు ఎంత అందంగా ముద్రించినా పుస్తకమే, పుస్తకం ధరకు మించి దానికి చెల్లించనక్కరలేదు.

మరొక సంగతి, పాఠాలు రాసినవారి సూర్యుడు, మేడ్చల్ సూర్యుడు ఒకటి కావు. ఐరోపాలోనూ, అమెరికా ప్రధాన భూభాగంలోనూ సూర్యుడు నడినెత్తికి ఎన్నడూ రాడు. మేడ్చల్, శామీర్‌పేటలు భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 17.6 డిగ్రీల దగ్గర ఉన్నాయి. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తలపైకి వస్తాడు. ఆ వేళ తీసిన ముఖంలో కనుగుంటలు నల్లబడతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. ఆ నీడను తప్పించే ఉపాయం ఇంటి వసారాలోనే ఉంది: మనిషిని కప్పు అంచుకు అడుగు లోపల, ముఖం బయటికి తిప్పి నిలబెడితే, వాకిట్లోని ఎండ నేల మీద పడి కింది నుంచి మెత్తగా ముఖం మీదికి వస్తుంది.

స్టూడియో అనుభవాన్ని దూరవిద్య భర్తీ చేయలేదు. జాతీయ రహదారి వెంట, రాజీవ్ రహదారి వెంట ఉన్న ఫంక్షన్ హాళ్లలో ముహూర్తం వేళ వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకునే ఆ ఒక్క క్షణం, పురోహితుడి భుజానికీ వీడియోగ్రాఫర్ లైటుకూ మధ్య చోటు ఎక్కడ దొరుకుతుందో ఏ పాఠమూ చెప్పలేదు. వారంలో రెండు రోజులైనా స్టూడియోవారి వెంట వెళుతూ, మిగతా రోజుల్లో కోర్సు అభ్యాసాలు చేసుకునేవారే త్వరగా నిలదొక్కుకుంటారు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ కూడా రూర్కీలో చదివింది ఇంజినీరింగే. ఇందోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూనే 1870లలో కెమెరా పట్టాడు.

స్థానిక చట్టాల తెలివిడి కూడా విద్యార్థి సొంతంగా సంపాదించుకోవలసిందే. శామీర్‌పేటకు వెళ్లే దారిలో హకీంపేట వైమానిక స్థావరం, మేడ్చల్‌కు పడమట దుండిగల్ వైమానిక అకాడమీ ఉన్నాయి. రక్షణ స్థావరాలను ఫోటో తీయడం 1923 నాటి అధికార రహస్యాల చట్టం కిందికి వస్తుంది. 2021 డ్రోన్ నియమాలు గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి, ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే డ్రోన్ ఎగరేయరాదు. పై నుంచి చెరువు తీయాలన్న ఆశ కలిగినప్పుడు ముందు డిజిటల్ స్కై పటం చూడాలి. ఇక హక్కుల విషయానికొస్తే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో కర్త తీసినవారే అయినా, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. పెళ్లి ఫోటోలను స్టూడియో ప్రచారానికి వాడుకోవాలంటే ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవడం మంచిది. ఈ విషయాలను లోతుగా చదవదలచినవారికి శామీర్‌పేటలోనే ఉన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మీడియా చట్టాలపై దూరవిద్యలో పీజీ డిప్లొమా నిర్వహిస్తూ వచ్చింది.

కోర్సు చివర సాధారణంగా ఒకే అంశం మీద పది పదిహేను చిత్రాల వరుస అడుగుతారు. ఈ ప్రాంతపు విద్యార్థికి అంశం వెతుక్కోవలసిన పని లేదు. ఒకప్పుడు ఇక్కడ విరివిగా ఉండిన ద్రాక్ష తోటల్లో చాలా భాగం ఇళ్ల స్థలాలుగా మారిపోయాయి. అటువంటి నేలలో హద్దురాళ్ల మధ్య వరుసగా నిలిచిన రాతి కడీలను, వాటి తలల మీద తుప్పు పట్టి వేలాడే తీగ ముక్కలను సాయంత్రం వాలు వెలుతురులో తీసి పంపితే, దూరాన ఉన్న ఉపాధ్యాయుడు నీడలు బాగున్నాయనీ, ఎడమ అంచున కాస్త కోయాలనీ రాయగలడు. అవి కంచె రాళ్లు కావనీ, అనాబ్‌షాహీ ద్రాక్ష గుత్తులు వేలాడిన పందిరికి కాళ్లనీ ఆయనకు తెలియదు. చిత్రం కింద ఆ మాట విద్యార్థే రాసి పంపాలి.