డాక్టరుగారికి దుఃఖం రాదా?

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. గాయపడినవారిని అనకాపల్లి, విశాఖపట్నం ఆసుపత్రులకు తరలించారు. అటువంటి రోజున ఆసుపత్రి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకదాని వెనుక ఒకటి అంబులెన్సులు, కాలిన ఒళ్ళు, గుమ్మం దగ్గర బంధువుల ఏడుపులు. అంత గోలలోనూ డాక్టరు చేయి వణకకూడదు. గొంతు పెరగకూడదు. “వాళ్ళకి అలవాటైపోతుంది, గుండె రాయి అయిపోతుంది” అని పెద్దవాళ్ళు అంటూంటారు. నిజంగా రాయి అయిపోతుందా?

తైవాన్ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సూదులతో వైద్యం చేసే ఆక్యుపంక్చర్ డాక్టర్లను కొందరిని, మామూలు మనుషులను కొందరిని తీసుకున్నారు. ఎవరికో సూది గుచ్చుతున్న దృశ్యాలు చూపిస్తూ వాళ్ళ మెదడును స్కానింగు చేశారు. మామూలువాళ్ళ మెదడులో, తమకే నొప్పి కలిగినట్లు, నొప్పికి సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. డాక్టర్లలో అవి అలా చురుకవలేదు. దానికి బదులు నుదుటి వెనుక ఉండే మెదడు ముందు భాగం పనిలోకి దిగింది. చూశారా? అది రాయి కాదు. లోపల ఒక పని జరుగుతోంది. పని అన్నాక అలసట కూడా ఉంటుంది కదా!

ఉద్వేగాన్ని అదుపు చేయడానికి ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. అనకాపల్లి అంటే బెల్లం గుర్తుకొస్తుంది కనుక బెల్లం పెనంతోనే చెప్పుకుందాం. చెరకురసం మరిగి నురుగు పైకి పొంగుతోందనుకోండి. వంటమనిషి పొయ్యిలో మంట తగ్గిస్తాడు. అదే పెనం మీద మూత బిగించి కూర్చుంటే ఏమవుతుంది? పైకి ఏమీ కనబడదు, లోపల మాత్రం రసం మరుగుతూనే ఉంటుంది.

మూత వేసే పద్ధతిని జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1993లో పరీక్షించారు. చేతిని కోసి తీసివేసే శస్త్రచికిత్స ఫిల్మును విద్యార్థులకు చూపించారు. కొందరితో “మీకు ఏమనిపించినా మొహంలో కనబడనీయకండి” అన్నారు. వాళ్ళు చాలావరకు అలాగే చేయగలిగారు. కాని వేళ్ళకు చెమట ఎక్కువగా పట్టింది, వేళ్ళలోని రక్తనాళాలు ముడుచుకున్నాయి. పోనీ, జుగుప్స ఏమైనా తగ్గిందా? అదీ లేదు. మొహం ఒక్కటే ప్రశాంతంగా ఉంది!

మంట తగ్గించడమంటే చూసే తీరును మార్చుకోవడం. కాలిన చేతిని చూడగానే “అయ్యో, ఎంత బాధో!” అన్న దగ్గరే ఆగిపోకుండా, “గాయం ఎంత లోతు? ముందు సెలైను పెట్టాలా, ఊపిరి చూడాలా?” అని ఆలోచన మళ్ళించడం. లెక్కల పరీక్షలో కష్టమైన ప్రశ్న కనబడి గుండె దడదడలాడినప్పుడు, “ఇందులో నాకు తెలిసిన సూత్రం ఏది?” అని మీరు వెతికితే మీరు చేసేదీ అదే. ఇది ఉద్వేగం పొంగకముందే చేసే పని కనుక దీని ఖర్చు తక్కువ.

అయితే ఈ పని చేసేది ఆ నుదుటి వెనుక భాగమే. దానికి నిద్ర కావాలి. 2007లోనే ప్రచురితమైన మరో పరిశోధనలో సుమారు 35 గంటలు నిద్ర లేకుండా ఉన్నవాళ్ళకు బాధ కలిగించే బొమ్మలు చూపించారు. భయాన్ని, కలతను పసిగట్టే ఎమిగ్డలా అనే బాదంగింజంత భాగం, నిద్రపోయినవాళ్ళలో కన్నా 60 శాతం ఎక్కువగా స్పందించింది. ముందు భాగంతో దానికున్న లంకె సడలింది. మంట తగ్గించే మనిషే లేడన్నమాట. ఇక మిగిలేది మూతే. నెలల తరబడి మూతతోనే నెట్టుకొస్తే?

ఆ స్థితికి పేరు పెట్టినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. ఆయన పగలంతా సొంత ప్రాక్టీసు చూసుకొని, సాయంత్రాలు న్యూయార్క్‌లోని ఉచిత వైద్యశాలలో పనిచేసేవాడు. తనతోబాటు ఉత్సాహంగా చేరిన కార్యకర్తలు కొన్నాళ్ళకే డీలాపడిపోవడం చూసి, 1974లో దానిని ‘బర్నవుట్’ అన్నాడు. కాలిపోయి ఆరిపోవడం అని అర్థం. తరువాత క్రిస్టినా మాస్లాక్ అనే శాస్త్రజ్ఞురాలు దాని లక్షణాలను వివరించింది. మొదట తీరని అలసట. తరువాత రోగి మనిషిలా కాక ‘ఆరో నంబరు మంచం’లా కనబడడం. ఆపైన ‘నేను చేస్తున్నదంతా వృథా’ అనిపించడం. నా దృష్టిలో రెండోదే అన్నిటికన్నా ప్రమాదకరం. ఎందుకంటే ఆ మంచం మీద ఉండేది మనమే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను రోగమని అనలేదు, పనిచేసే చోటుకు సంబంధించిన సమస్య అంది. అంటే డాక్టరు గుండెనే కాదు, డ్యూటీ పట్టికను కూడా పరీక్షించాలన్నమాట.

అమెరికాలో అలా పరీక్షించారు కూడా. 24 గంటలు దాటిన డ్యూటీలు చేసిన యువ డాక్టర్లు, తక్కువ గంటలు పనిచేసినప్పటి కన్నా 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేసినట్లు 2004లో తేలింది. మన దేశంలో పై చదువులు చదువుతూ ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన నిపుణుల బృందం వారానికి 74 గంటలు మించవద్దని, వారానికొక రోజు సెలవు ఇవ్వాలని సిఫారసు చేసింది. 32 ఏళ్ళలో అంకె తగ్గలేదు, పెరిగింది! ఆ 74 గంటలను ఆరు రోజులకు పంచి చూడండి. రోజుకు పన్నెండు గంటల పైమాటే.